ఎనభై ఎనిమిదో కీర్తన

జబ్బు పేరు గిలియన్ బారే సిండ్రోమ్. 2025 జనవరిలో పుణెలో కేసులు బయటపడ్డాక పేపర్లలో రోజూ రాశారు కాబట్టి జీబీఎస్ అంటే ఇప్పుడు చాలామందికి తెలుసు. నాకు వచ్చినప్పుడు మాత్రం మా చుట్టాల్లో ఎవరూ ఆ పేరు విని ఎరగరు. విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. బడిలో మెట్లెక్కుతుంటే మోకాళ్లు ముడుచుకుపోయాయి. మొదట చూపించుకున్న డాక్టరు నా మొహమైనా సరిగ్గా చూడకుండా "టీచర్లకి టెన్షన్ ఎక్కువ, అంతే" అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి పంపాడు. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. పోవాలని ప్రార్థన కూడా చెయ్యడం లేదు.

గుంటూరులో న్యూరాలజిస్టు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి నరాల పైపొరను తినేస్తుందట. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. నరాల పరీక్ష, వెన్నులోంచి నీరు తియ్యడం అన్నీ గబగబా అయ్యాయి. ఐదు రోజులు ఎక్కించాల్సిన ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు రేటు విన్నాక మా ఆయన నా గాజులు తాకట్టు పెట్టారు.

ఐసీయూలో ఆ రాత్రి సంగతి చెప్పాలి. సిస్టర్ మాటిమాటికీ వచ్చి "అమ్మా, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండి" అనేది. ఊపిరితిత్తుల బలం అలా చూస్తారు. సాయంత్రం ఇరవై రెండు దాకా వెళ్లాను. భోజనాల వేళకి పదహారు. తర్వాత పదకొండు. నేను లెక్కల టీచర్ని. ఆ అంకెలు ఎటు పోతున్నాయో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సిస్టర్ "పర్వాలేదమ్మా" అంటూనే డాక్టరు కోసం పరుగెత్తింది. బైబిల్లోని ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టాను. నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్తాను. "నాకు లేమి కలుగదు" దగ్గర ఆగిపోయాను. గాలికే లేమి వచ్చినప్పుడు ఆ మాట ఎలా అనను? తెల్లవారకముందే గొట్టం వేశారు.

వెంటిలేటర్ మీద ఉన్నాను గానీ, మత్తు తగ్గించాక తెలివిగానే ఉన్నాను. అన్నీ వినబడతాయి. కదిలేవి కనురెప్పలే. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు.

మా పిన్ని ఒక ప్రసంగీకుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, నాకు వినబడదనుకుని మా ఆయనతో "దాచిపెట్టిన పాపం ఏదో ఉంది బ్రదర్. ఒప్పుకుంటే లేస్తుంది" అన్నాడు. నోట్లో గొట్టం ఉన్న మనిషి ఏం ఒప్పుకుంటుందయ్యా? అయినా ఆ రాత్రంతా నా పాపాలు వెతుక్కుంటూనే ఉన్నాను. పక్క బెడ్‌లో డెంగీతో వచ్చిన ఇంటర్ కుర్రాడు ఆ మర్నాడే పోయాడు. వాళ్లమ్మ వాళ్ల దేవుళ్లకి మొక్కి, నా పక్క టేబుల్ మీది బైబిలు చూసి దానికీ దణ్ణం పెట్టింది. వాడేం దాచాడు? ఇక్కడ ఎవరూ లేరు, ఎవరూ వినడం లేదు అనిపించింది. కన్నీళ్లు తుడుచుకోడానికి చెయ్యి లేవక అవి చెవుల్లోకి కారాయి.

మా ఆయన క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప చర్చి మొహం చూడరు. రోజుకో కీర్తన చదవమని మా అమ్మ ఆయన చేతిలో తన బైబిలు పెట్టింది. అమ్మ తనకి ఇష్టమైన వచనాలన్నిటి కిందా ఎర్రపెన్నుతో గీతలు గీసుకుంటుంది. "ఇవన్నీ నీకు కంఠతా వచ్చినవేగా" అని ఆయన ఒక్క గీత కూడా లేని పేజీ వెతికి చదివారు. అది ఎనభై ఎనిమిదో కీర్తన. రాత్రీ పగలూ మొరపెట్టాను, నీ మొహం ఎందుకు చాటేశావు అని నిలదీసి, చీకటే నాకు చుట్టం అన్నట్టు ముగుస్తుంది. ఆయన పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, "ఇదేంటి, అయిపోయిందా? స్తోత్రం ఏదీ?" అన్నారు. పాపం, తప్పు చేసినవాడిలా "వేరేది చదవనా?" అని అడిగారు. రెండుసార్లు రెప్పలు మూశాను. "మళ్లీ ఇదేనా?" ఒకసారి మూశాను. రోజూ సాయంత్రం అదే చదివించుకున్నాను.

వెంటనే విశ్వాసం పొంగుకొచ్చిందని రాయను. కానీ అంత నిష్ఠూరమాడిన మనిషిని బయటికి తోసెయ్యకుండా ఆ గ్రంథంలోనే చోటిచ్చారు కదా, అక్కడే నేనూ ఉండొచ్చనిపించింది. బైబిల్లోనే, కష్టాలపాలైన యోబు గ్రంథం చివర్లో కూడా దేవుడికి కోపం వచ్చింది, అతన్ని పాపం ఒప్పుకోమని పీడించిన స్నేహితుల మీద. మా ప్రసంగీకుడికి ఎవరైనా ఆ అధ్యాయం వినిపిస్తే బాగుండు.

కోలుకోవడం నత్తనడకే. నరం లోపలి తీగే దెబ్బతింటే రోజుకి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పాడు. నడుము నుంచి కాలి బొటనవేలి దాకా కొలిపించి లెక్కేస్తే మూడేళ్లకి దగ్గరపడింది. స్కేలు లోపల పెట్టెయ్యమన్నాను. నిజానికి అంతకాలం పట్టలేదు. మొదటిసారి చర్చికి వెళ్లినప్పుడు మోకరించలేకపోతే పాస్టరు అయ్యగారే ప్రభు సంస్కారపు రొట్టె నా బెంచీ దగ్గరికి తెచ్చారు. ఆ పల్చటి అప్పాన్ని పట్టుకోడానికి వేళ్లు కలవలేదు. నోట్లో పెట్టారు.

ఒక్క మాట చెప్పనివ్వండి. తిమ్మిర్లు కాళ్ల నుంచి పైకి పాకుతూ నీరసం కూడా వస్తుంటే విటమిన్ బిళ్లలు మింగుతూ కూర్చోకండి, న్యూరాలజిస్టు ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లండి. ప్రార్థన అంబులెన్సులోనూ చేసుకోవచ్చు.

ఉపవాస కూడికలో సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసిన మేలు అందరి ముందూ, చెప్పమన్నారు. ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పనిస్తేనే నిలబడతానన్నాను. అయ్యగారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. చెప్పాను. ఆమెన్ అనాల్సిన చోట ఎవరూ అనలేదు. కూడిక అయ్యాక ఒకావిడ వచ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి సాక్ష్యాల టైముకి బయటికెళ్లి చెప్పుల దగ్గర నిలబడుతున్నానని, ఇవాళే లోపల కూర్చున్నానని చెప్పింది. ఆ కీర్తన నంబరు రాసిమ్మంది. రాసిచ్చి, మా ఆయన ఫోన్ నంబరు కూడా పక్కన వేశాను. చదివి వినిపించడంలో ఇప్పుడు ఆయనదే అనుభవం.