మూడు గ్లాసుల్లో కల్ ఈలా

ఆదివారం, ఎడిన్‌బరో. పొద్దుటి నుంచి సన్నగా వాన.

మధ్యాహ్నం భోజనం కావాలనే చప్పగా కానిచ్చాను, ఉత్త పెరుగన్నంతో. వెల్లుల్లి, ఆవకాయ తగిలిన నాలుకకు సాయంత్రం దాకా విస్కీ సరిగా అందదు. నాలుగింటికి బల్ల మీద మూడు గ్లెన్‌కెర్న్ గ్లాసులు పెట్టాను. ఇవి కింద బొద్దుగా, మూతి దగ్గర సన్నగా ఉంటాయి. సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, గుడ్డ తగలకుండా ఆరనివ్వాలి. బీరువాలో బోర్లించి ఉంచితే లోపల చెక్క వాసన చేరుతుంది. ఇవాళ ఒకదానికి అదే పట్టింది. పోసే ముందు ఖాళీ గ్లాసు వాసన చూశాను కాబట్టి తెలిసింది, లేకపోతే ఆ చెక్క వాసనని విస్కీ పెరిగిన పీపా ఖాతాలో రాసేసేవాణ్ణి.

మూడూ స్కాట్లండ్‌లోని ఐలా దీవి డిస్టిలరీ కల్ ఈలా విస్కీలే, మూడూ ఇండిపెండెంట్ బాట్లర్లు (పీపాలు కొని సొంత లేబుల్‌తో సీసాల్లో నింపే బయటి వ్యాపారులు) వేసినవే: 12 ఏళ్లది ఆల్కహాల్ 46 శాతం, 17 ఏళ్లది 57, 25 ఏళ్లది 52. పోల్చి చూడటానికి ఈ డిస్టిలరీని మించింది లేదు. సరుకులో ఎక్కువ భాగం బ్లెండ్లకే (వేరే విస్కీలతో కలిపి అమ్మేవాటికే) పోతుంది కాబట్టి పీపాలు బయటి వ్యాపారుల చేతికి బాగానే వస్తాయి. డిస్టిలరీ 1846 నాటిది. 1972లో పడగొట్టి, ఆరు స్టిల్లులతో (విస్కీ కాచే రాగి బట్టీలతో) మళ్లీ కట్టి 1974లో తెరిచారు. పొగబెట్టిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) అదే ఐలా దీవిలోని పోర్ట్ ఎలెన్ నుంచి వస్తుంది. అంటే పుట్టుక ఒక్కటే, తేడా అంతా పీపాది, కాలానిది. వేర్వేరు డిస్టిలరీలవి పక్కపక్కన పెడితే ఏ తేడా దేనివల్లో తేలదు.

రుచి కంటే ముందు లేబుల్ చదవాలి. 25 ఏళ్లదాని మీద రీఫిల్ హాగ్స్‌హెడ్ (ఇదివరకే విస్కీకి వాడిన పీపా), 212 సీసాలు అని ఉంది. హాగ్స్‌హెడ్ పీపాలో సుమారు 250 లీటర్లు పడతాయి. ఏటా రెండు శాతం ఆవిరైపోతుందనుకుంటే 25 ఏళ్లకి మిగిలేది 150 లీటర్లు. 70 సెంటీలీటర్ల సీసాలైతే 214. లెక్క కుదిరింది. 17 ఏళ్లదాని మీద మాత్రం షెర్రీ బట్, 240 సీసాలు. బట్ అంటే షెర్రీ వైన్ ఉంచిన పెద్ద పీపా, 500 లీటర్లు. అదే లెక్కన 17 ఏళ్లకి 350 లీటర్ల పైనే, అంటే 500 సీసాలు ఉండాలి. పీపాని ఇద్దరు పంచుకునైనా ఉండాలి, లేదా హాగ్స్‌హెడ్‌లో పెరిగిన సరుకుని చివర్లో బట్‌లోకి మార్చైనా ఉండాలి. రెండోదైతే లేబుల్ మీద ఆ ముక్క రాయాల్సింది. కొనేవాడికి ఆ తేడా చాలా పెద్దది.

ఒక్కో గ్లాసులో 15 ఎం.ఎల్. పోసి, మీద సాసర్లు మూసి పావుగంట వదిలేశాను. గ్లాసుల అడుగున స్టిక్కర్లు అంటించి అటూ ఇటూ మార్చేశాను. ఏది ఎన్నేళ్లదో తెలిసి వాసన చూస్తే ముక్కు పెద్ద అంకెకే ఓటేస్తుంది.

మొదట నీళ్లు కలపకుండా వాసన. ముక్కుని గ్లాసులోకి దూర్చకూడదు. మూతి అంచు దగ్గర ఆపి, నోరు కొద్దిగా తెరిచి పీల్చాలి. 57 శాతం దాన్ని ఒక్కసారి గట్టిగా పీలిస్తే పది నిమిషాలు ముక్కు పనిచేయదు.

అసలు పొరపాటు ఎక్కువమంది చేసేది దీని తర్వాతే. 46 శాతం దాన్నీ 57 శాతం దాన్నీ ఉన్నవి ఉన్నట్టే పోల్చి, ఘాటుగా ఉన్నదే గొప్పదనేస్తారు. ఘాటు సమం చేశాకే తీర్పు. ఇక్కడ స్టిక్కర్లు చూడక తప్పదు. మందుల షాపులో దొరికే సిరంజితో 57 దానికి 3.6 ఎం.ఎల్., 52 దానికి 2 ఎం.ఎల్. నీళ్లు పడితే రెండూ 46కి దిగుతాయి. నీళ్లు ఒకేసారి గుమ్మరించకూడదు. సగం వేసి, ఐదు నిమిషాలు ఆగి, రుచి చూసి మిగతా సగం. పాత విస్కీ నీళ్లకి తట్టుకోలేక చటుక్కున పల్చబడిపోతుంది, వెనక్కి తేలేం. నీళ్లు పడ్డాక కాస్త మసకబారితే కంగారు లేదు. సీసాల్లో నింపే ముందు చల్లబరిచి వడగట్టలేదని దాని అర్థం.

12 ఏళ్లది: నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కని ఉప్పులో అద్ది రుద్దిన మొక్కజొన్న పొత్తు. పొగ, పులుపు, ఉప్పు, తీపి అదే వరసలో. ఆ ఉప్పుదనం సముద్రపు గాలి వల్లేనని చెప్పే మాట నేను నమ్మను. కల్ ఈలా సరుకు చాలావరకు ట్యాంకర్లలో మెయిన్‌ల్యాండ్‌కి వెళ్లి అక్కడే పీపాల్లో పెరుగుతుంది.

17 ఏళ్లది: ముందు అగ్గిపుల్ల గీసిన వాసన. పీపాని గంధకంతో పొగబెట్టిన గుర్తు అయ్యుండాలి. అరగంట గాలి తగిలాక సగం తగ్గి, వెనకనుంచి ఖర్జూరం, కాల్చిన బెల్లం వచ్చాయి. ఉడికిన క్యాబేజీ వాసనై ఉంటే ఎంతసేపు ఉంచినా పోయేది కాదు. చివర్లో వక్క నమిలినట్టు వగరు. పొగా షెర్రీ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. నాకు నచ్చలేదు.

25 ఏళ్లది మూడింట్లోకీ లేతరంగు, ఎండుగడ్డి రంగు. రంగుని బట్టి వయసు చెప్పేవాళ్లు ఇక్కడే పడిపోతారు. రెండుమూడుసార్లు వాడేసిన పీపా రంగు ఇవ్వదు, కానీ లోపలి సరుకుని పాడు చేయకుండా పెరగనిస్తుంది. పొగ తగ్గింది. రాత్రి సాంబ్రాణి వేసిన గదిలోకి పొద్దున్నే అడుగుపెట్టినట్టు, ఇప్పుడు కాలుతున్న పొగ కాదది. దాని వెనక తేనెమైనం, నిమ్మతొక్క, మిగలపండిన అనాస. మింగాక నోట్లో రెండు నిమిషాల పైనే నిలిచింది. దీనికి మాత్రం ఒక ఎం.ఎల్. నీళ్ల దగ్గరే ఆగి ఉండాల్సింది. రెండోది పడ్డాక అనాస మాయమైంది.

సగం పైగా కప్పులోకి ఉమ్మేశాను. మూడో గ్లాసు దగ్గర కూడా ముక్కు తిన్నగా పనిచేయాలంటే అదొక్కటే దారి. 17 ఏళ్ల సీసాలో మూడోవంతు కంటే తక్కువే ఉంది. అలాగే ఉంచితే లోపలి గాలికి చప్పబడుతుందని 100 ఎం.ఎల్. గాజు సీసాల్లోకి అంచుదాకా నింపి, బిరడా నానకుండా నిలబెట్టాను. గ్లాసులు కడగలేదు. రాత్రంతా అలాగే వదిలేస్తే, పొద్దున ఎండిన అడుగులో పీపా వాసన ఒక్కటే మిగిలి ఉంటుంది. 17 ఏళ్లది నిజంగా బట్‌లో ఎన్నాళ్లుందో రేపు దాన్ని బట్టి కొంత తెలియొచ్చు.