నా పక్కటెముకలు విరిచినవాళ్ల పని

గుండె ఆగిన రోజు నాకు గుర్తు లేదు. దానికి ముందురోజూ, ఆ తర్వాత ఐసీయూలో గడిచిన నాలుగు రోజులూ అంతే. మెదడుకి కాసేపు రక్తం అందకపోతే జ్ఞాపకాల్లో ఇలా ఖాళీలు పడతాయి. తెలివొచ్చాక మొదట తెలిసింది ఎముకల నొప్పి. పక్కటెముకలు మూడు విరిగాయి, రొమ్ము ఎముక చిట్లింది. సీపీఆర్, అంటే ఆగిన గుండె బదులు ఛాతీ నొక్కి రక్తం ఆడించడం, చేయించుకున్న పెద్దవాళ్లలో ఇది మామూలే. అంబులెన్సు వచ్చేదాకా ముగ్గురు వంతులేసుకుని నా ఛాతీ నొక్కారు.

మొదటి చిక్కు గుర్తుపట్టడంలోనే ఉంది. గుండె ఆగిన మనిషి వెంటనే కదలకుండా అయిపోతాడని అనుకుంటాం. మొదటి నిమిషాల్లో చాలామంది నోరు తెరిచి, గురకలాంటి చప్పుడుతో, ఆగి ఆగి ఎగశ్వాస తీస్తారు. చూసేవాళ్లు ఊపిరి ఉందిలే అనుకుని మొహాన నీళ్లు చల్లుతూ ఉండిపోతారు. ఒకోసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, మూర్ఛ అని పొరబడతారు. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలక్కుండా, ఛాతీ కూడా మామూలుగా లేచి పడకుండా ఉంటే గుండె ఆగిందనే లెక్క. దీనికి పది సెకన్లు చాలు. మణికట్టు దగ్గర నాడి వెతకడం దండగ. అలవాటు లేనివాళ్లకి తమ వేలి నాడే తగులుతుంది.

"ఎవరైనా ఫోన్ చేయండి" అని గుంపుని అడిగితే ఒక్కరూ కదలరు, పక్కవాడు చేస్తాడులే అనుకుంటారు. వేలు చూపించి చెప్పాలి: నీలం చొక్కా, మీరు అంబులెన్సుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి, మీరు ఏఈడీ మిషన్ (గుండెకి కరెంటు షాక్ ఇచ్చేది) దగ్గర్లో ఉందేమో చూసి తీసుకురండి. పని చెప్పేవాళ్లు ఒకరుంటే గుంపు ఇట్టే జట్టయిపోతుంది.

మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు మీద నొక్కితే దిగేది పరుపే. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మణికట్టు వైపు భాగం ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేయాలి. మోచేతులు వంచకూడదు, భుజాలు సరిగ్గా చేతులకి పైన ఉండాలి. బరువు నడుము నుంచి రావాలి. లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే, మీద వాలిపోయి ఉంటారు. ఛాతీ లేచినప్పుడే గుండెలోకి రక్తం తిరిగి వస్తుంది, లేకపోతే తర్వాతి నొక్కులో బయటికి పోవడానికి ఏమీ ఉండదు. శిక్షణ లేనివాళ్లు పెద్దవాళ్లకి నోటితో ఊపిరి ఇవ్వకపోయినా ఫరవాలేదు. పిల్లలకీ, నీళ్లలో మునిగినవాళ్లకీ మాత్రం ఊపిరి కూడా కావాలి. ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకి 2 ఊపిర్లు ఇస్తారు.

నొక్కుతుంటే టక్‌మని ఎముక విరిగిన చప్పుడు రావచ్చు. చాలామంది అక్కడే చేతులు తీసేస్తారు. తీయకండి. చెయ్యి సరైన చోట ఉందో లేదో చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఆడమనిషైతే తాకడానికీ, మిషన్ కోసం బట్టలు తొలగించడానికీ జంకుతారు. ఆ జంకుకి అయ్యే ఖర్చు ఆమె మెదడు.

ఒంటరిగా ఇది ఎక్కువసేపు సాగే పని కాదు. రెండు నిమిషాలకి లోతు తగ్గిపోతుంది. చేసేవాడికి ఆ సంగతి తెలియదు, తను బాగానే చేస్తున్నాననుకుంటాడు. అందుకే అలసట వచ్చినా రాకపోయినా రెండు నిమిషాలకి మనిషి మారాలి. తర్వాతివాళ్లు ముందే ఎదుటి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంటే మార్పుకి మూడు నాలుగు సెకన్లు మించదు. ఏఈడీ వస్తే నొక్కడం ఆపకుండానే పక్కవాళ్లు ఛాతీ తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కిందా, ఇంకోటి ఎడమ చంక కింద పక్కకీ అంటించాలి. మిషన్ మాట్లాడుతుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ తాకకూడదు. ఇచ్చిన మరుక్షణం మళ్లీ నొక్కుడే.

నా వైపు సంగతి క్లుప్తంగా. ఎముకలు అతకడానికి రెండు నెలలు పట్టింది. దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకునేదాన్ని. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే న్యుమోనియా రావచ్చు కాబట్టి, గంటకోసారి లోతుగా పది ఊపిర్లు. ఎడమ కాలర్ ఎముక కింద ఐసీడీ పెట్టారు, గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే చిన్న మిషన్. వైర్లు కుదురుకునేదాకా ఆ చెయ్యి భుజం దాటి ఎత్తలేదు. ఫోన్ చొక్కా జేబులో ఉండదు, దానికీ మిషన్‌కీ 15 సెంటీమీటర్ల దూరం పాటిస్తాను. మాట వెతుక్కోవడం, చిన్న పనికే అలిసిపోవడం నెలల తరబడి ఉంటాయి. ఇంట్లోవాళ్లకి ఇవి ముందే చెప్పి ఉంచాలి.

నొక్కినవాళ్లకీ కోలుకోవడం ఉంటుంది. ఆ టక్ శబ్దం వాళ్లకి రాత్రుళ్లు వినిపిస్తుంది, మనిషి దక్కకపోతే ఇంకా ఎక్కువ. వాళ్లు కలిసి కూర్చుని, ఎవరు ఏం చేశారో మొదటి నుంచీ చెప్పుకోవడం మేలు.

ఇప్పుడు శిక్షణ బొమ్మల దగ్గర నేను లెక్క చెబుతుంటాను. లోతు సరిపోతే ఆ బొమ్మలో క్లిక్‌మంటుంది. కొత్తవాళ్లు ఉలిక్కిపడి చేతులు ఎత్తేస్తారు. నేను లెక్క ఆపను, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. చేతులు మళ్లీ దిగుతాయి.