తఖ్తె జంషీద్‌లో కావడి మనిషి

ఇరాన్‌లో షిరాజ్ నుంచి తఖ్తె జంషీద్ ఓ 60 కిలోమీటర్లు. పాత పారశీక చక్రవర్తుల రాజధాని పెర్సెపొలిస్ శిథిలాలకి అక్కడివాళ్ల పేరిది. టాక్సీ బేరానికే పొద్దు బారెడెక్కింది. నోటు మీద ఉండేది రియాల్, మనుషులు చెప్పేది తొమాన్‌లో. పది రియాళ్లు ఒక తొమాన్. డ్రైవర్ చెప్పిన అంకెకి ఇంకో సున్నా తగిలించాలా వద్దా అన్న టెన్షన్‌తోనే దారిలోని మర్వ్‌దష్త్ ఊరు దాటేశాం. మన కార్డులు ఆ దేశంలో పనిచెయ్యవు, జేబులో ఉన్నదే లెక్క. కౌంటర్లో విదేశీయుల రేటు చూశాక చిరాకు రెట్టింపైంది.

పారశీక చక్రవర్తి క్సెర్క్సెస్ కట్టించిన సర్వదేశాల ద్వారం మీద పాత యూరోపియన్ యాత్రికులు చెక్కుకున్న పేర్లు! 1870లో న్యూయార్క్ హెరాల్డ్ విలేఖరి స్టాన్లీ కూడా చెక్కిపోయాడు. ఈ జబ్బు మనవాళ్లకే అనుకున్నాను. రాజు కొలువుతీరే అపదానా మండపంలో 72 స్తంభాలకు నిలబడినవి 13. క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ సేన తగలబెట్టాక పైకప్పు ఎక్కడుంటుంది, ఎండకి మాడు పగిలింది.

తూర్పు మెట్ల మీద రేకుల కప్పు వేశారని, నీడ కోసం అటు నడిచాను. ఇక కాలు కదల్లేదు. 23 దేశాల వాళ్లు చక్రవర్తికి కానుకలు పట్టుకుని వరసగా వస్తున్నట్టు చెక్కారు. పక్కనే ఉండే పాత రాజ్యం ఈలమ్ వాళ్లు తెచ్చిన ఆడసింహం వెనక్కి తిరిగి తన కూనల్ని చూసుకుంటోంది. 1930ల తవ్వకాల దాకా మట్టి కింద ఉండిపోబట్టి ముక్కు చివర్లు కూడా అరగలేదు.

మన దేశం వాళ్లూ ఉన్నారు. ముందున్న పెద్దమనిషిని ఆస్థానం మనిషి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నాడు. వెనక మోకాళ్ల పైకి పంచె, ఒంటి మీద చొక్కా లేదు, కాళ్లకి చెప్పుల్లేవు, భుజాన అచ్చం కావడి! రెండు పక్కలా బుట్టలు. ఆ వెనకే ఓ గాడిద. సింధు తీరం మనిషే, మన గోదావరి వాడు కాదు, అయినా ఎవరో తెలిసినవాడు ఎదురైనట్టనిపించింది. అటువాళ్లు ఏటా 360 టాలెంట్ల (పాతకాలపు తూకం) బంగారు రజను కప్పం కట్టేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. బుట్టల్లో ఉన్నది అదేనంటారు. అంత బంగారం మోస్తూ వట్టి కాళ్లతో నడవడమేమిటో!

ఇక్కడ దొరికిన మట్టి పలకల్లో దారిన పోయేవాళ్లకి కొలిచిచ్చిన పిండి లెక్కలున్నాయి, మన వైపు నుంచి వచ్చినవాళ్లవి కూడా. కావడివాడికీ ముట్టే ఉంటుంది.

తిరుగుదారిలో నక్షె రుస్తమ్, రాజుల సమాధులు తొలిచిన కొండ. క్సెర్క్సెస్ తండ్రి దరియస్ సమాధి కొండ చరియలో ఎక్కడో పైన ఉంటుంది, మెడ విరిగేలా కింద నుంచే చూడాలి. దానికి టికెట్టు మళ్లీ వేరే.