దీవి సెలవుల్లో గాలం వేట

ఉష్ణమండల దీవిలో సెలవులు అనుకోగానే నేను మొదట చూసింది గది కాదు, ఆ నెలలో గాలి ఎలా ఉంటుందన్నది. రుతుపవనాలు జోరుగా ఉంటే చిన్న పడవలు పగడపు దిబ్బలు దాటి వెళ్లడం కష్టం. ఆ తర్వాత చంద్రుడు. అమావాస్యకు, పౌర్ణమికి ఆటుపోట్ల తేడా పెరిగి ప్రవాహం జోరందుకుంటుంది. దిబ్బల అంచున జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద వేటచేప చిన్న చేపల కోసం కాచుకునేది అలాంటి నీళ్లలోనే. ట్యూనా, సెయిల్‌ఫిష్ కావాలంటే లెక్క వేరు. లోతు సముద్రంలో పడవ వెనక ఎరలు లాగుతూ గంటలకొద్దీ తిరగాలి. రెండింటినీ ఒకే రోజులో ఇరికించకపోవడమే మేలని నా అభిప్రాయం.

పడవలో లైఫ్ జాకెట్లు, రేడియో ఉన్నాయా, పట్టిన చేప ఎవరికి చెందుతుంది, ఇవన్నీ ముందే అడిగాను.

అన్నిటికంటే నాకు ముఖ్యం చేపను తిరిగి వదిలే తీరు. సర్కిల్ హుక్ అనే గుండ్రటి గాలం మొన లోపలికి తిరిగి ఉంటుంది కాబట్టి ఎక్కువగా దవడ మూలలోనే పడుతుంది, కడుపులోకి దిగడం అరుదు. పొడి చేతులు తగిలితే చేప ఒంటిపై జిగురు పొర పోతుంది. అందుకే చేతులు తడుపుకుని, వీలైతే నీళ్లలోనే ఉంచి గాలం తీయాలి. అంత బలంగా పోరాడిన ప్రాణి ఒక ఫొటో కోసం ఊపిరాడక అల్లాడటం నేను చూడలేను. ఈ మాటకు విసుక్కునే పడవ నాకు వద్దు.

వేటను సెలవుల మొదట్లోనే పెట్టుకున్నాను. గాలి ఎదురుతిరిగితే వాయిదా వేసుకోవడానికి ఇంకా రోజులు మిగిలి ఉంటాయి.