క్రోమ్‌లో కనబడే కర్నూలు

ఆరేళ్ల క్రితం కెమెరా కొన్నప్పుడు అందరిలాగే నేనూ ఓర్వకల్లు రాళ్లతో, తుంగభద్ర నీళ్లతోనే మొదలుపెట్టాను. రాళ్లు కదలవు, ఏరు తొందరపెట్టదు. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకంటే ఓపికైనవి దొరకవు. అక్కడే ఆగిపోయేవాణ్ణేమో గానీ, ఒక ఆదివారం పొద్దున పాతబస్తీలోని ఒక మెకానిక్ షెడ్డు ముందు తెల్ల అంబాసిడర్ ఒకటి బానెట్ ఎత్తి నిలబడి ఉండడం చూశాను. అప్పటి నుంచి నా సెలవు రోజులు పాత కార్ల వెంటే పోతున్నాయి.

అంబాసిడర్ గురించి మా ఊళ్లో ఒక మాట చెబుతుంటారు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో మంత్రులందరూ ఈ కార్లలోనే తిరిగేవారట. వినడానికి బాగానే ఉంటుంది కానీ, 1953లో వచ్చిన రాజధాని 1956లో హైదరాబాదుకు తరలిపోయేనాటికి అంబాసిడర్ అనే కారు ఇంకా పుట్టనే లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు దాన్ని ఆ తర్వాతే తెచ్చారు. బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 దాకా అది తయారవుతూనే ఉంది. అయినా ఆ గుండ్రటి బానెట్‌ను చూసినప్పుడు రాజధాని గుర్తుకు రావడంలో తప్పేమీ లేదనిపిస్తుంది.

తెల్ల కారును ఫొటో తీయడం తేలికనుకున్నాను. మొదటి రోజు తీసినవన్నీ బూడిదరంగులో వచ్చాయి. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తన ముందున్న ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగుగా లెక్కకట్టి వెలుతురు తగ్గిస్తుందని, తెలుపు తెల్లగా రావాలంటే మనమే ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యే ఒక మెట్టు, పెంచాలని చదివి తెలుసుకున్నాను. పెంచితే ఇంకో చిక్కు వచ్చిపడింది: బంపర్ మీద ఎండ పడిన చోట ఏ వివరమూ మిగలకుండా మాడిపోయింది. డిజిటల్ ఫొటోలో అలా పోయిన తెలుపును తర్వాత కంప్యూటర్ మీద ఎంత కుస్తీ పట్టినా తిరిగి తేలేము. మా ఊరి వేసవిలో ఎనిమిది దాటితే ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు కాబట్టి, సూర్యుడు మేడల పైకి రాకముందే పని ముగించడం ఒక్కటే దారి అయింది.

ఆ తర్వాత పోలరైజర్ ఫిల్టర్ కొన్నాను. లెన్సు ముందు దాన్ని తిప్పుతుంటే ముందు అద్దం మీది ఆకాశం మెల్లగా తొలగిపోయి, లోపలి పొడవాటి సీటు, స్టీరింగ్ పక్కనే ఉన్న గేరు కడ్డీ బయటపడడం ఇప్పటికీ నాకు గారడీలాగే అనిపిస్తుంది. అయితే అద్దం మీద, రంగు మీద పనిచేసే ఈ ఫిల్టర్ క్రోమ్ దగ్గరికి, అంటే పాత కార్ల బంపర్ల మీది మెరిసే లోహపు పూత దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది, ఎందుకంటే లోహం మీది ప్రతిబింబంలోని వెలుగు అద్దం మీది వెలుగులాగా ఒకే తలానికి కట్టుబడి ఉండదు. అందువల్ల బంపర్‌లో, గ్రిల్‌లో, చక్రం మధ్యన మూతలా ఉండే హబ్‌క్యాప్‌లో ఏది కనబడుతుందో అది కనబడాల్సిందే. నల్లగుడ్డ అడ్డం పెట్టాను, తెల్లని థర్మోకోల్ షీటు పెట్టాను. ఒక మూల సర్దితే ఇంకో మూల నుంచి సైకిలో, పాలక్యానో తొంగిచూసేది. హబ్‌క్యాప్ ముందు బోర్లా పడుకుని అవస్థపడుతున్న నన్ను చూసి షెడ్డు పెద్దాయన నవ్వాడు.

"ఏం సార్, కారు ఫొటో తీస్తాండావా, నీ ఫొటో తీసుకుంటాండావా?"

నిజమే, నాలుగు వారాలుగా నేను క్రోమ్‌లో నుంచి ఊరిని తుడిచేయాలనే చూస్తున్నాను. ఈ కాలపు కార్ల బంపర్లు రంగు పూసిన ప్లాస్టిక్. వాటిలో ఏమీ కనబడదు. పాత కారు ఎక్కడ ఆగితే అక్కడి వీధిని ఒంటి మీద వేసుకుంటుంది, నేను దాన్నే లోపమనుకున్నాను. మరుసటి ఆదివారం పెద్దాయనను బతిమాలి, ట్రాఫిక్ మొదలవకముందే కారును కొండారెడ్డి బురుజు ఎదుటికి తెప్పించాను. చోక్ లాగి రెండుసార్లు దగ్గించాక గానీ ఇంజిన్ అందుకోలేదు. దారిలో పడిన దుమ్మును తుడవబోతే వద్దన్నాను; ఆయనకు అది ససేమిరా నచ్చలేదు, మెకానిక్ చేతిలోని బండి మురికిగా కనబడితే ఎవరికి నామోషీ అని అడిగాడు. చివరికి హబ్‌క్యాప్ ఒక్కటి తుడిచేటట్టు రాజీ కుదిరింది.

ఆ ఫొటోలో హబ్‌క్యాప్ ఉబ్బు మీద బురుజు బొటనవేలంత ఉంది. దాని పక్కన టీ బండి, ఆవిరి, వంగిన కరెంటు స్తంభం, నేల మీద పడుకున్న నేను, అంచున గుడ్డ భుజాన వేసుకుని నిలబడిన పెద్దాయన. ప్రింటు తీసి ఇస్తే ఆయన కళ్లజోడు పెట్టుకుని, బురుజును వదిలేసి, ముందు తనెక్కడున్నాడో వెతుక్కున్నాడు. ఇప్పుడది షెడ్డులో బ్యాటరీల అర పైన వేలాడుతోంది. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "నేను యాడున్నానో చెప్పు చూద్దాం" అంటున్నాడట.