ఇంకో పేరు కూడా కలపండి మాస్టారూ

విశాఖపట్నం సూర్యాబాగ్‌లో కోర్టుకు దగ్గరలో మాది చిన్న జాబ్ టైపింగ్ దుకాణం. తెలుగు టైపు మిషన్ మీద మొదలుపెట్టి కంప్యూటర్‌లో అను ఫాంట్ల దాకా వచ్చాను. అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు, నోటీసులు, వాటి మధ్య పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులు. ఫిర్యాదు టైపు చేయించుకునేవాళ్లు నా వెనక నిలబడి, తెర చూస్తూ చెబుతారు. సగం అయ్యేసరికి వినిపించే మాట ఒకటుంది: "ఇంకో పేరు కూడా కలపండి మాస్టారూ."

తప్పుడు కేసంటే లేని నేరాన్ని పుట్టించడమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అలాంటివి తక్కువ. గొడవ నిజంగానే జరిగి ఉంటుంది, తల నిజంగానే పగిలి ఉంటుంది, ఆసుపత్రి చీటీ చేతిలోనే ఉంటుంది. కొట్టినవాళ్లు ఇద్దరైతే కాగితం మీద ఐదుగురవుతారు. ఆ మిగతా ముగ్గురూ ఎవరంటే, అవతలి ఇంట్లో సంపాదించేవాడు, చదువుకున్నవాడు, రేపు రాజీకి కూర్చుంటే డబ్బు తేగలిగినవాడు. నిందితుల వరసలో ఏ1, ఏ2 కోపం కొద్దీ వస్తారు. ఏ4, ఏ5 లెక్క ప్రకారం వస్తారు.

నాకు తెలిసిన ఒక ఏ4 సంగతి చెబుతాను. పెందుర్తి వైపు ప్రహరీ గోడ తగాదా. సాయంత్రం ఐదు గంటలప్పుడు కొట్టుకున్నారు. ఈ కుర్రవాడు ఆ సమయానికి ఉక్కు కర్మాగారంలో బి షిఫ్టులో వెల్డింగ్ చేస్తున్నాడు. బి షిఫ్టు అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. హాజరు కాగితం పట్టుకుని స్టేషనుకు వెళితే "అదంతా కోర్టులో చెప్పుకో" అన్నారు. చట్టం కూడా అలాగే ఉంది: నేరం జరిగినప్పుడు నేను ఇంకోచోట ఉన్నానని చెప్పేవాడే దాన్ని నిరూపించుకోవాలి. కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆయన వచ్చిన రోజున న్యాయమూర్తి సెలవు, న్యాయమూర్తి ఉన్న రోజున ఆయనకు డ్యూటీ.

ఈలోగా గల్ఫ్ ఉద్యోగం వచ్చింది, పాస్‌పోర్టు ఇరుక్కుంది. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని 1967 నాటి పాస్‌పోర్టు చట్టం చెబుతుంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారు. ఆ అనుమతి చేతికొచ్చేలోపు ఏజెంటు ఇంకొకరిని విమానం ఎక్కించేశాడు.

చివరికి ఫిర్యాదుదారును బోనులో నిలబెట్టి డిఫెన్స్ వకీలు అడిగాడు. "ఇతన్ని మీరు చూశారా?" "అన్నదమ్ములు కదండీ, అక్కడే ఉంటాడనుకున్నాను." ఈ 'అనుకున్నాను' ముందే ఫిర్యాదులో ఉండి ఉంటే అసలు తప్పే లేదు. అనుమానం ఉందని రాయడం ఎవరికైనా హక్కే. కానీ కాగితంలో ఉన్నది "ఇనుప కడ్డీతో నా వీపు మీద కొట్టినాడు" అని. కడ్డీ ఉంది, వీపు ఉంది, కొట్టినవాడు మాత్రం ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ముఖానికి అద్దం అడ్డుపెట్టుకుని పనిలో ఉన్నాడు.

ఇలా సంతకం చేసినవాడికి శిక్ష లేదా అని అడుగుతారు. ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 217వ సెక్షన్ ప్రకారం, అధికారికి తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతి 182లో అది ఆరు నెలలే. హాని చేయాలనే ఉద్దేశంతో, ఆధారం లేదని తెలిసీ నేరం మోపితే 248వ సెక్షన్: ఐదేళ్ల దాకా జైలు, మోపిన నేరం మరీ పెద్దదైతే పదేళ్ల దాకా. "మా పెదనాన్న రాయించాడు", "వకీలుగారు పెట్టమన్నారు" అనే జవాబులు అక్కడ చెల్లవు. స్టేషనులో నోటితో చెప్పినా, దాన్ని రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలని చట్టంలో ఉంది. ఆ సంతకం పెదనాన్నది కాదు.

శిక్ష ఉంది గానీ, దాని తాళం వేరేచోట ఉంది. 217 కింద కోర్టు కదలాలంటే ఆ అధికారో, ఆయన పైఅధికారో, ఆయన అధికారమిచ్చిన మరో అధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 248 కోర్టు వ్యవహారంతో ముడిపడితే కోర్టే చేయాలి. నష్టపోయినవాడు నేరుగా వెళ్లి తలుపు తట్టలేడు. పైగా కేసు కొట్టేసినంత మాత్రాన అది అబద్ధమని తేలినట్టు కాదు. ఈ రెండోది సబబేనంటాను. లేకపోతే సాక్ష్యం దొరకని ప్రతి కూలీ, ప్రతి ఆడపిల్లా స్టేషను గడప తొక్కడానికే భయపడతారు.

ఆడపిల్లలంటే గుర్తొచ్చింది. వరకట్నం కేసులన్నీ అబద్ధాలే అని మా అరుగు మీద టీ తాగుతూ తేల్చేసే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లు చూడని ముంజేతులు నేను చూశాను. అయితే 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, ఎవరు ఏమి చేశారో చెప్పకుండా భర్త తరఫు కుటుంబాన్నంతా కేసులో చేర్చడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టి, కేసు కొట్టేసింది. ఈ మధ్య ఒకమ్మాయి ఫిర్యాదు చెబుతూ రాజమండ్రిలో ఉండే ఆడపడుచు పేరు కూడా వేయమంది.

"ఆవిడ ఎప్పుడు, ఏమి చేసిందమ్మా?"

"ఫోను చేస్తే సర్దుకుపొమ్మంది."

సరేనని అదే మాట, అంతవరకే కొట్టాను: ఫలానా నెలలో ఫోనులో సర్దుకుపొమ్మన్నది. తెర మీద చదువుకుని ఆమే తీసేయమంది. భర్త మీద చెప్పిన వాక్యాలు ఒక్కటీ తీయలేదు. తేదీలతో సహా ఉన్నాయి.

పెందుర్తి కుర్రవాడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఇప్పుడు కక్షతో కేసు నడిపించారంటూ నష్టపరిహారానికి సివిల్ దావా వేస్తానంటున్నాడు. నిర్దోషిగా తేలిన నాటి నుంచి ఏడాదిలోపు వేయాలి. వకీలు ఇచ్చిన చిత్తుప్రతి మా కంప్యూటర్‌లోనే ఉంది. మొన్న వచ్చి ప్రతివాదుల్లో ఫిర్యాదుదారు భార్యను కూడా చేర్చమన్నాడు. ఆవిడ ఏమి చేసిందని అడిగితే కాసేపు గోడ వంక చూశాడు, మాట మార్చి కోర్టు ఫీజు ఎంతవుతుందన్నాడు. వాళ్లమ్మ అసలు దావాయే వద్దంటోందట, పక్కింటివాళ్లతో రోజూ మొహాలు చూసుకోవాలని. అమ్మ సంగతి తర్వాత, ముందు తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టమన్నాను. గడువు వచ్చే నెలతో అయిపోతుంది.