కుంపటి, కాలిన గది, ఒక మట్టిముద్ర

చిన్నప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథం 36వ అధ్యాయం నా వంతుకు వచ్చిందంటే పేర్ల దగ్గర పరుగు తీసేదాన్ని. షాఫాను కుమారుడైన గెమర్యా, షెమాయా కుమారుడైన దెలాయ్యా, అక్బోరు కుమారుడైన ఎల్నాతాను... నాన్న చెయ్యెత్తి ఆపేవారు. "ఆ పేరు పెట్టి పిలిస్తే పలికిన మనుషులు వాళ్ళు. నెమ్మదిగా చదువు తల్లీ" అనేవారు. బడిపంతులుగా ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన. డెబ్బై ఆరో ఏట ఆయనను వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి ఒక యాత్రికుల బృందంతో యెరూషలేము వెళ్ళాను.

బేత్లెహేము, నజరేతు, గలిలయ సముద్రం మీద పడవ, అన్నీ అందరితో కలిసి చూశాం. వాటి గురించి ఎందరో రాశారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క రోజు గురించే. ఆ రోజు బృందం మృత సముద్రానికి వెళ్ళింది. మేమిద్దరం ఆగిపోయాం.

పాత నగరం దక్షిణ గోడకున్న గుమ్మం పేరు వినగానే నాన్న ముఖం వెలిగింది. నెహెమ్యా గ్రంథంలోని పెంట ద్వారం పేరే దానికి ఇప్పటికీ ఉంది. దాన్ని దాటి కొద్ది దూరం దిగితే ప్రాచీన యెరూషలేము శిథిలాలున్న దావీదు పట్టణం. ఎదురుగా కిద్రోను లోయ, దాని అవతలి గట్టు మీద సిల్వాన్ ఇళ్ళు, మిద్దెల మీద ఆరేసిన బట్టలు. అక్కడ నిత్యం మనుషులు కాపురం ఉంటున్నారు. యాత్రికులం ఆ సంగతి మరచిపోయి ఊరంతా మనకోసం పరచిన బొమ్మల కొలువు అనుకుంటాం. నాన్న నా భుజం మీద చెయ్యి వేసుకుని ఒక్కో మెట్టూ దిగారు.

దిగువన కొండవాలుకు అంటిపెట్టుకుని మెట్లుమెట్లుగా పేర్చిన పెద్ద రాతికట్టడం ఉంది. దాని ఒడిలో కొన్ని ఇళ్ళ మొండిగోడలు. యిగాల్ షిలో అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1978 నుంచి 1985 వరకు ఇక్కడ తవ్వించాడు. ఒక ఇంటికి అహీయేలు ఇల్లు అని పేరు పెట్టారు. పెంకుల మీద రాసి దొరికిన పేరు అది. నాలుగు స్తంభాలు, బయటి మెట్లు, చిన్న గదిలో రాతితో చెక్కిన మరుగుదొడ్డి పీట ఉన్నాయి. పక్కనే ఉన్న గదిని కాలిన గది అంటారు. మాడిపోయిన కలప, గోడలు కూలి పేరుకున్న బూడిద, వాటిలో బాణపు ములుకులు అందులో దొరికాయి. క్రీస్తుకు పూర్వం 586లో బబులోను సైన్యాధిపతి నెబూజరదాను యెరూషలేములోని గొప్పవారి ఇళ్ళన్నిటినీ అగ్నిచేత కాల్పించాడని రాజుల రెండో గ్రంథం చెప్పేది ఈ మంట గురించే.

నాన్న బల్ల మీద కూర్చుని బైబిలు తెరిచారు. నేను గోడలనే చూస్తూ నిలబడ్డాను. ప్రతి జనవరి ఒకటో తేదీన మన సంఘాల్లో వాగ్దానపు కార్డులు పంచుతారు. "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అన్న విలాపవాక్యముల గ్రంథంలోని మాట ఎన్నిసార్లు నా చేతికి వచ్చిందో. పూల బొమ్మ మధ్య అచ్చువేసిన ఆ మాట ఈ బూడిద ముందు పలికిన మాట. ఆకలితో చనిపోయిన పిల్లలను చూసిన నోటితో అన్న మాట. ఆ కార్డును ఇన్నేళ్ళు ఎంత తేలిగ్గా మడిచి సంచిలో పెట్టుకున్నానో అనుకుంటే సిగ్గేసింది.

ఇక ఆ 36వ అధ్యాయం. యూదా రాజు యెహోయాకీము ఏలుబడి ఐదో ఏడు, తొమ్మిదో నెల. రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడు. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథపుచుట్టను యెహూది అనేవాడు చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు అయ్యేసరికి చాకుతో కోసి కుంపటిలో వేయడం, మళ్ళీ వినడం, మళ్ళీ కోయడం. కాల్చవద్దని బతిమాలిన వాళ్ళు ముగ్గురు. వారిలో గెమర్యా ఒకడు. అంతకుముందు బారూకు ఆ గ్రంథాన్ని దేవాలయంలో ప్రజలకు చదివి వినిపించింది అతని గదిలోనే. ఈ గెమర్యా తండ్రి షాఫాను, యెహోయాకీము తండ్రి యోషీయాకు ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించిన శాస్త్రి. ఆనాడు తండ్రి యోషీయా విని బట్టలు చించుకున్నాడు. ఈనాడు కొడుకు యెహోయాకీము విని గ్రంథాన్నే కోశాడు. "బట్టలు చింపుకొనలేదు" అని లేఖనం ప్రత్యేకంగా రాయడం ఎందుకో నాకు ఆ రాళ్ళ మధ్య నిలబడితే గాని పట్టుబడలేదు.

కుంపటి రగిలిన పద్దెనిమిదేళ్ళకు ఊరే కుంపటి అయింది.

ఆ ఇళ్ళ దగ్గరే 1982లో ఒక గది నేలమీద 51 మట్టిముద్రలు దొరికాయి. పపైరస్ పత్రాన్ని చుట్టి, దారం కట్టి, ముడి మీద పచ్చిమట్టి ముద్ద పెట్టి ముద్ర ఒత్తేవారు. మంటల్లో పత్రాలన్నీ బుగ్గి అయ్యాయి. మట్టి మాత్రం కాలి గట్టిపడింది. ఆ మంటే రాకపోతే చెమ్మకు ఎప్పుడో కరిగిపోయేది.

మధ్యాహ్నం ఇజ్రాయెల్ మ్యూజియానికి వెళ్ళాం. అద్దం వెనుక వేలిగోరంత మట్టిబిళ్ళ. ప్రాచీన హెబ్రీ అక్షరాలు రెండు వరుసలు: షాఫాను కుమారుడైన గెమర్యాహుది. లేఖనంలోని గెమర్యాయే ఇతడని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. తవ్వకంలో, బూడిద పొరలో దొరికింది కనుక సందేహానికి చోటు తక్కువ. బారూకు పేరుతో అంగడిలో బయటపడిన ముద్ర ఒకటుంది. అది నకిలీదని పరిశోధకులు తేల్చారు. విశ్వాసానికి అలాంటి ఊతకర్రలు అక్కరలేదు. ఈ ముద్రల వెనుక వైపు పపైరస్ నారల గీతలు, దారపు ఒత్తులు అచ్చుపడి ఉన్నాయట. కాలిపోయిన పత్రం తన వీపును మట్టికి అప్పగించి పోయింది.

నాన్న అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. "మన పాలెం తగలబడినప్పుడు నాకు ఏడేళ్ళు" అన్నారు ఉన్నట్టుండి. "పూరిళ్ళు ఒక్కటీ మిగల్లేదు. తెల్లవారి బూడిద కెలుకుతుంటే నేను చేసిన మట్టి ఎడ్లు దొరికాయి. పచ్చివి, ఎర్రగా కాలి రాయిలా అయ్యాయి. అది దేవుడి తీర్పని పెద్దలు కొందరు అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. యిర్మీయా ఏళ్ళ తరబడి ఏడ్చి చెప్పాకే యెరూషలేము కాలింది, మనకు ఎవరు ఏడ్చి చెప్పారు అని అడిగింది."

చదువురాని మా నాయనమ్మ ఆ మాట అన్నదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

నన్ను ఒక సంగతి పీడిస్తూనే ఉంది. అదే కొండమీద, కొద్ది దూరంలో, ఎయిలాత్ మజార్ అనే పురావస్తు శాస్త్రజ్ఞురాలి తవ్వకాల్లో మరో రెండు ముద్రలు దొరికాయి. 2005లో షెలెమ్యా కుమారుడు యూకలుది, 2008లో పషూరు కుమారుడు గెదల్యాది. యిర్మీయాను చంపించాలని రాజును అడిగి, బురదగోతిలోకి దింపించిన అధిపతులు వీళ్ళు. మట్టి వాళ్ళ పేర్లను కూడా అంతే భద్రంగా దాచింది. "బతిమాలినవాడికీ, గోతిలో దింపించినవాడికీ ఒకే గౌరవమా నాన్నా?" అన్నాను.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. బయట మెట్ల మీద కూర్చున్నాక, "ఎబెద్మెలెకు ముద్ర దొరికిందా?" అని అడిగారు.

దొరకలేదు. యిర్మీయాను గోతిలోంచి పైకి లాగించిన కూషీయుడు అతడు. ఎబెద్మెలెకు అంటే రాజు సేవకుడని అర్థం. అది పేరో, కొలువో. పట్టణం కూలేలోగా దేవుడు అతడికి విడిగా కబురు పంపించాడు: నన్ను నమ్ముకున్నావు కనుక నిన్ను తప్పిస్తాను, నీ ప్రాణం నీకు దక్కుతుంది. అంత పెద్ద తీర్పు మధ్యలో, ఒక పరదేశి నౌకరుకు.

ఆ రాత్రి హోటలు గదిలో ప్రార్థనకు కూర్చున్నాం. నా వంతు 38వ అధ్యాయం. షెఫట్య, గెదల్యా, యూకలు, పషూరు, నలుగురి పేర్లూ తండ్రుల పేర్లతో సహా నెమ్మదిగా చదివాను. నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. ఎబెద్మెలెకు రాజు ఖజానా కింది గదిలోంచి పాత బట్టలు, చిరిగిన పేలికలు ఏరి తెచ్చి, తాళ్ళతో గోతిలోకి దింపి, అవి చంకల కింద పెట్టుకుని తాళ్ళు వాటిపై వేసుకొమ్మని యిర్మీయాతో చెప్పిన చోటికి వచ్చాను.

నాన్న చెయ్యెత్తారు. "అది మళ్ళీ చదువు తల్లీ."